నర్స్ ఎయిడ్ శిక్షణ – మూడో పాఠం: చేయి పట్టుకోవడానికి ముందు 16 గంటలు

కిందటి పాఠంలో నర్స్ ఎయిడ్ (నర్సు కింద పనిచేస్తూ వృద్ధులకు రోజువారీ పనుల్లో సాయపడేవారు) రోజంతా ఏ పనులు చేస్తారో చూశాం. ఆ పనిలో చేరడానికి అమెరికాలో ఎంత శిక్షణ కావాలి, ఏ పరీక్ష రాయాలి అన్నది ఈసారి చూద్దాం. అక్కడ పని అనుమతి ఉండి ఈ దారిలో అడుగుపెట్టాలనుకునే తెలుగువారు ఈ పాఠాన్ని తీరిగ్గా చదవాలి.

వృద్ధులు దీర్ఘకాలం ఉండే సంరక్షణ కేంద్రాల దుస్థితిపై 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య సలహా సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా కాంగ్రెస్ చట్టం తెచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ నిధులు తీసుకునే కేంద్రాల్లో పనిచేసే నర్స్ ఎయిడ్‌కు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని, అందులో కనీసం 16 గంటలు నర్సు పర్యవేక్షణలో చేతులతో చేసి నేర్చుకోవాలని నియమం వచ్చింది. ఇది కనీస పరిమితి మాత్రమే. టెక్సస్‌లో 100 గంటలు, కాలిఫోర్నియాలో 160 గంటలు అడుగుతారు. అందుకే ఫీజు కట్టే ముందు మీ రాష్ట్రం ఎన్ని గంటలు అడుగుతోందో, మీరు చేరబోయే కోర్సుకు ఆ రాష్ట్రం ఆమోదం ఉందో లేదో చూసుకోండి.

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే నియమం మరొకటి ఉంది. ఏ వృద్ధురాలినైనా నేరుగా తాకే ముందు విద్యార్థి మరో 16 గంటల పాఠాలు పూర్తి చేసి ఉండాలి. మనుషులతో మాట్లాడే తీరు, అంటువ్యాధుల నివారణ, ప్రమాదాల్లో ఏం చేయాలన్నది, అక్కడ ఉండేవారి హక్కులు, వారు తమ పనులు తామే చేసుకునేలా ప్రోత్సహించడం – ఇవీ ఆ పాఠాలు. మనవాళ్లు తడబడేది చివరిదాని దగ్గరే. పెద్దవాళ్లకు అన్నీ మనమే చేసి పెట్టడం సేవ అని పెరిగాం. అత్తగారు చెంచా అందుకునేలోపే ముద్ద నోటికి అందిస్తాం. ఇక్కడ అది తప్పు కిందికి వస్తుంది. చేయగలిగిన పనిని చేయనివ్వకపోతే ఉన్న కాస్త శక్తీ పోతుంది, తన శరీరం మీద తన మాట చెల్లుతుందన్న ధైర్యమూ పోతుంది.

చొక్కా తొడగడాన్నే తీసుకుందాం. పక్షవాతంతో ఎడమ చేయి బలహీనపడిన ఒక పెద్దావిడ ఉన్నారనుకోండి. తలుపు తట్టండి. మీ పేరు చెప్పండి, ఆమెను పేరుతో పలకరించండి. చేయబోయే పనేమిటో వివరించండి. చేతులు కడుక్కుని, తెర లాగండి. రెండు చొక్కాలు చూపించి ఏది వేసుకుంటారో అడగండి. పాత చొక్కా తీసేటప్పుడు బలమైన కుడి చేయి ముందు, ఎడమ చేయి తరువాత. కొత్తది తొడిగేటప్పుడు వరుస తిరగబడుతుంది: బలహీనమైన ఎడమ చేయి ముందు. చొక్కా చేతిని కుచ్చుగా మడిచి, మణికట్టు వైపు నుంచి మీ చేయి దూర్చి ఆమె అరచేతిని పట్టుకోండి. చేతిని లాగకుండా, బట్టను ఆమె చేతి మీదుగా భుజం వరకు జరపండి. కుడి చేయి ఆమెనే దూర్చుకోనివ్వండి. బొత్తాలు ఆమె పెట్టుకోగలిగితే ఎంతసేపైనా ఆగండి. చివరగా పిలుపు గంట ఆమె కుడి చేతికి అందేలా ఉంచండి; బలహీనమైన వైపు పెడితే ఉన్నా లేనట్టే.

పరీక్ష రెండు భాగాలు. ఒకటి రాత పరీక్ష. రాయలేనివారు దాన్ని మౌఖికంగా ఇవ్వవచ్చు. రెండోది చేసి చూపించేది. ఏ నైపుణ్యాలు వస్తాయో ముందు తెలియదు. పలు రాష్ట్రాలు వాడే నాప్ (NNAAP, జాతీయ నర్స్ ఎయిడ్ పరీక్ష) పరీక్షలో ఐదు నైపుణ్యాలు అడుగుతారు, చేతులు కడుక్కోవడం వాటిలో తప్పకుండా ఉంటుంది. సబ్బు నురగతో కనీసం 20 సెకన్లు రుద్దాలి, వేళ్లు మోచేతుల కంటే కిందికి ఉండాలి, కొళాయిని పొడి కాగితపు తువాలుతో కట్టేయాలి. శుభ్రమైన చేతితో నేరుగా కొళాయి తాకితే కడిగిందంతా వృథా. తప్పనిసరని గుర్తించిన ఒక్క మెట్టు వదిలేసినా ఆ నైపుణ్యంలో తప్పినట్టే. ఒకసారి తప్పితే దారి మూసుకుపోదు, కనీసం మూడు ప్రయత్నాలు ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

డబ్బు సంగతి చాలామందికి తెలియదు. శిక్షణ మొదలయ్యే నాటికి ఏదైనా కేంద్రం మీకు ఉద్యోగం ఇచ్చినా, ఇస్తామని చెప్పినా, శిక్షణకు గానీ పుస్తకాలకు గానీ మీ దగ్గర రుసుము తీసుకోకూడదు. సొంత డబ్బుతో నేర్చుకుని 12 నెలల్లోపు అలాంటి కేంద్రంలో చేరితే, ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. రసీదులు జాగ్రత్త.

ఉత్తీర్ణులయ్యాక మీ పేరు రాష్ట్ర రిజిస్ట్రీలో చేరుతుంది. వృద్ధులను హింసించినట్టు రుజువైతే అదీ అక్కడే నమోదవుతుంది, ఏ కేంద్రమైనా చూడగలదు. ఏటా కనీసం 12 గంటలు అదనపు శిక్షణ ఉంటుంది. వరుసగా 24 నెలలు జీతానికి ఈ పని చేయకపోతే మళ్లీ శిక్షణ, పరీక్ష రెండూ గానీ, కనీసం పరీక్ష గానీ కొత్తగా పూర్తి చేయక తప్పదు. ప్రసవానికో ఊరికో సుదీర్ఘంగా వెళ్లేవారు ఈ గడువు గుర్తుపెట్టుకోవాలి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒకరిని ఎడమ చేయి పూర్తిగా వదులుగా ఉంచమని చెప్పి, ముందు బొత్తాలున్న చొక్కాతో పైన చెప్పినదంతా చేయండి. తరువాత మీరు కుర్చీలో కూర్చుని వారిచేత చేయించుకోండి. ఎక్కడ నొప్పి పుట్టిందో, ఎక్కడ మిమ్మల్ని అడగకుండా చేశారో కాగితం మీద రాసుకోండి. నాలుగో పాఠంలో నడుము పట్టీతో మంచం నుంచి చక్రాల కుర్చీకి మార్చడం నేర్చుకుందాం. గట్టి బెల్టు ఒకటి, బ్రేకులున్న కుర్చీ దొరికితే సిద్ధంగా ఉంచుకోండి.