మనుషుల లెక్క – 3వ పాఠం: గేటుకి ముప్పావుగంట దూరంలో

రెండో పాఠంలో ఇచ్చిన పని చేసి ఉంటే మీ దగ్గర ఇప్పుడొక మండలాల మ్యాపు, దాని మీద బస్సు రూట్లు, ఫ్యాక్టరీ గేటు నుంచి ముప్పావుగంట ప్రయాణానికి గీసిన వంకరటింకర గీత ఉండాలి. వృత్తలేఖినితో గుండ్రంగా గీసినవాళ్లు చెరిపేసి మళ్లీ గీయండి. తారురోడ్డు ఉన్నవైపు గీత పాతిక కిలోమీటర్లు పోతుంది, గుట్టలున్నవైపు ఏడు కూడా పోదు.

ఇవాళ ఆ గీత లోపల మన ఫ్యాక్టరీలో పనికి నిజంగా దొరికే మనుషులెందరో లెక్క కడదాం. ఉదాహరణ పాతదే. హిందూపురం పక్కన తూముకుంట వైపు ఒక కుట్టు యూనిట్ అనుకున్నాం. కొత్త లైన్లకు 300 మంది మహిళా ఆపరేటర్లను చేర్చుకోవాలి.

ముందు పక్కన పెట్టాల్సిన అంకె

మనుషులు దొరుకుతారా అని అడగ్గానే ఎవరైనా మొదట వెతికేది నిరుద్యోగిత రేటు. దాన్ని ఒకసారి విప్పి చూస్తే మళ్లీ దాని జోలికి పోరు.

కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి పీఎల్ఎఫ్ఎస్ అనే శ్రామికశక్తి సర్వే చేస్తోంది. 2023-24 వార్షిక నివేదికలో దేశం మొత్తం మీద 15 ఏళ్లు దాటినవారిలో నిరుద్యోగిత 3.2 శాతం. అదే వయసు మహిళల్లో శ్రామికశక్తిలో ఉన్నవారు 41.7 శాతం. ఈ రెంటినీ కలిపి వెయ్యిమంది మహిళల మీద వేసి చూడండి. 417 మంది పనిలోనో, పని వెతుకులాటలోనో ఉన్నారు. నిరుద్యోగిత రేటు ఈ 417 మీదే కడతారు, వెయ్యి మీద కాదు. మహిళల రేటు కూడా 3.2 శాతమే కాబట్టి నిరుద్యోగులు 13 మంది. మిగతా 583 మంది అసలు లెక్కలోకే రారు. ఇల్లు చూసుకుంటున్నవాళ్లు, చదువుకుంటున్నవాళ్లు, పెద్దవయసువాళ్లు అందరూ ఆ 583లోనే.

మీ యూనిట్లో ఇప్పుడు మిషన్ల ముందు కూర్చున్నవాళ్లను తలచుకోండి. చేరకముందు వాళ్లెక్కడున్నారు? ఎక్కువమంది ఆ 583లో ఉన్నారు. కొందరు 417లోనే ఉన్నా ‘పనిలో ఉన్నవారి’గా ఉన్నారు. ఆ ‘పని’ ఎలాంటిదో కూడా చూడాలి. అదే నివేదికలో పనిచేసే మహిళల్లో 67.4 శాతం స్వయం ఉపాధి కింద ఉన్నారు. వాళ్లలో సగానికి పైగా సొంత పొలంలోనో, ఇంటి కొట్టులోనో, పాడి దగ్గరో చేతికి జీతం రాకుండా సాయం చేసేవాళ్లు. సర్వే దృష్టిలో ఆమె ఉద్యోగి. నెలాఖరున బ్యాంకులో జీతం పడుతుందంటే రేపే రావచ్చు.

ఇంకో సంగతి. పైన చెప్పిన అంకెలు గడిచిన ఏడాది పనిని చూసి కట్టినవి. అదే సర్వేలో వారం లెక్క అని ఒకటుంది. గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఆ మనిషి పనిలో ఉన్నట్టే. 2025 ఏప్రిల్ నెలతో మొదలుపెట్టి నెలనెలా విడుదలవుతున్న అంకెలు ఈ పద్ధతివే. ఏడాది లెక్క, వారం లెక్క పక్కపక్కన పెట్టి ‘నిరుద్యోగం పెరిగింది’ అని మేనేజ్‌మెంటుకు స్లైడు చూపించినవాళ్లను చూశాను. రెండూ వేరే కొలతలు, ఒకటి గజం అయితే ఇంకొకటి మూర.

జిల్లా పేరు చూసి బోర్లా పడొద్దు

గ్రామం స్థాయిలో మన చేతికందే లెక్క ఇప్పటికీ 2011 జనగణనే. తర్వాతిది 2027లో. పాతదైపోయింది కదా అని వదిలేయకండి, దాని పాతదనమే ఒకచోట మనకు పనికొస్తుంది. కాసేపట్లో చూస్తారు.

హిందూపురం ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. ఆ పేరుతో జనగణనలో వెతికితే ఏమీ దొరకదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత అనంతపురంలోని 63 మండలాల్లో 32 ఇటొచ్చాయి. జనగణన ఫైలు మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరుతో, అనంతపురం జిల్లా కింద ఉంటుంది. అందులోంచి హిందూపురం, లేపాక్షి, పరిగి, చిలమత్తూరు, సోమందేపల్లి మండలాల వరుసలు ఏరుకుని మీ షీట్‌లో పెట్టుకోండి. జిల్లా మొత్తాన్ని తీసుకుని జనాభా నిష్పత్తిలో పంచడం మాత్రం వద్దు. తెలంగాణలో పనిచేసేవారికి ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. అక్కడ 10 జిల్లాలు ఇప్పుడు 33, మండలాలు కూడా చీలాయి. కాబట్టి ఊరి పేరు దాకా దిగాల్సిందే.

మన గీత దక్షిణం వైపు రాష్ట్ర సరిహద్దు దాటుతుంది. గౌరిబిదనూరు కర్ణాటకలో, చిక్కబళ్లాపుర జిల్లాలో ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు పోయే రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. అటువైపు ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవలేదు. కానీ ఆంధ్ర ఫైలు ఒక్కటే తెరిచి కూర్చుంటే ఆ ఊళ్లు మీ లెక్కలో ఉండవు. కర్ణాటక ఫైలు కూడా దించుకోండి. అదే రైలు పొద్దున్నే మన మనుషుల్ని బెంగళూరుకు ఎక్కించుకుపోతుందన్న సంగతి కూడా గుర్తుండాలి.

ఆరేళ్లలోపు ఆడపిల్లల గడి

జనగణన ప్రాథమిక సారాంశం ఫైలు తెరిస్తే ఒక్కో ఊరికి ఒక్కో వరుస. మొత్తం జనాభా, అక్షరాస్యులు, మెయిన్ వర్కర్లు, మార్జినల్ వర్కర్లు, పనిచేయనివారు, ఆడా మగా విడివిడిగా. వయసులు మాత్రం లేవు, ఒక్కటి తప్ప. అది 0–6 ఏళ్ల పిల్లల సంఖ్య. ఉద్యోగాల లెక్కలో పసిపిల్లలెందుకని చాలామంది ఆ గడిని దాటిపోతారు.

జనగణన తేదీ 2011 మార్చి 1. ఆ రోజున 0–6 ఏళ్లున్న పిల్లలు 2026 మార్చికి 15–21 ఏళ్లవాళ్లు. ఊరూరా, పేరు పేరునా అన్నంత దగ్గరగా, మనకు కావలసిన వయసువాళ్ల సంఖ్య పదిహేనేళ్ల కిందటే రాసిపెట్టి ఉంది! ఆ ఏడు వయసుల్లో 18 నిండినవి నాలుగు: 18, 19, 20, 21. అంటే ఆ గడిలోని అంకెను ఏడుతో భాగించి నాలుగుతో గుణిస్తే ఫ్యాక్టరీలో చేరగల వయసున్న అమ్మాయిల సంఖ్య చేతికొస్తుంది.

పెళ్లిళ్లయి వెళ్లిపోరా అని అడుగుతారు. వెళ్తారు, కోడళ్లు వస్తారు కూడా. సంబంధాలు ఎక్కువగా చుట్టుపక్కల మండలాల్లోనే చూసుకుంటారు కాబట్టి ఊరి లెక్క తప్పినా నాలుగైదు మండలాలు కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. బెంగళూరు వలస మాత్రం సర్దుకోదు. దానికి చివర్లో కోత వేద్దాం.

పనివాళ్ల గడుల్లో నేను ముందు చూసేది మార్జినల్ వర్కర్లను. ఏడాదిలో ఆరు నెలలకన్నా తక్కువ పనిచేసినవాళ్లు వీళ్లు. కూలికి వెళ్లిన అలవాటుంది, ఖాళీ నెలలున్నాయి. ఇల్లు దాటి పనికి పంపడానికి ఇంట్లో ఒకసారి ఒప్పుకున్నారు. ఈ గడి బరువుగా ఉన్న ఊరికే మొదటి బస్సు వేయండి. గృహపరిశ్రమ గడి దగ్గర కొంచెం జాగ్రత్త. ధర్మవరం మన గీతలోకి రాదుగానీ, అలాంటి చేనేత పట్టణంలో ఆ గడి నిండా మగ్గాలవాళ్లే ఉంటారు. చెయ్యి తిరిగినవాళ్లు కదా, కుట్టుమిషన్ మీదికి వచ్చేస్తారని అనుకోకండి. ఇంటి కప్పు కింద చేసే పని వదిలి షిఫ్టుకు రావడమంటే వాళ్లకు బతుకే మారినట్టు.

ఉపాధి కల్పన కార్యాలయం రిజిస్టరు, పీఎఫ్ నెలవారీ లెక్కలు కూడా కొందరు తెస్తారు. మొదటిదాంట్లో ఉద్యోగం వచ్చినా పేరు తీయించుకోనివాళ్లుంటారు, ఖాళీగా ఉన్నా పేరు రాయించనివాళ్లుంటారు. రెండోది రాష్ట్రం స్థాయి దగ్గరే ఆగిపోతుంది. ఈ పాఠానికి రెండూ అక్కర్లేదు.

జల్లెడ పడదాం

కింది అంకెలన్నీ పాఠం కోసం అనుకున్నవి. మీ షీట్లో మీ ఊళ్లవి వేసుకోండి.

ఐదు మండలాల్లో 2011 నాటి 0–6 ఆడపిల్లలు 14,000 అనుకుందాం. ఏడింట నాలుగు వంతులు, 8,000. వీళ్లు 18–21 వారు. ఇప్పుడు 22–35 మధ్య ఉన్నవాళ్లు అప్పట్లో 7–20 ఏళ్లవాళ్లు. ఊరివారీగా ఆ వయసు లెక్క ఉండదు కాబట్టి జిల్లా వయసు పట్టిక తీసి, 0–6 పిల్లలకు 7–20 వాళ్లు ఎన్ని రెట్లున్నారో చూడాలి. 2.25 రెట్లు అనుకుంటే 31,500. రెండూ కలిపి 39,500.

మీ యూనిట్ అడిగే చదువున్నవాళ్లు 70 శాతం: 27,650. ముప్పావుగంటలో చేరే బస్సు అందేవాళ్లు 60 శాతం: 16,590. ఇప్పటికే నెలజీతంలో ఉన్నవాళ్లు, బెంగళూరు చేరిపోయినవాళ్లు కలిపి 12 శాతం తీసేస్తే దాదాపు 14,600.

చాలామంది ఇక్కడ ఆగిపోయి, 14,600 మంది ఉండగా 300 ఎంతసేపు అంటారు. ఆగకండి. వీళ్లలో వస్తామనేవాళ్లు 8 శాతం అనుకుంటే 1,168. వస్తామని చెప్పి మొదటిరోజు నిజంగా వచ్చేవాళ్లు అందులో సగం, 584. ఇదే గీతలో ఇవే చేతుల కోసం చూసే యూనిట్లు మనతో కలిపి మూడైతే మన వాటా 195.

కావలసింది 300. ఇప్పుడు ఏ రంధ్రం పెద్దది చేయాలో చూడండి. ఇంకో రెండు రూట్లు వేసి బస్సు అందేవాళ్లను 60 నుంచి 75 శాతానికి తెస్తే 195 కాస్తా 243 అవుతుంది. బస్సుల జోలికి పోకుండా చదువు షరతు సడలించి 70ని 85 చేస్తే 236. రెండూ చేస్తే 295. బస్సు ఖర్చు ప్రతినెలా ఉంటుంది. చదువు తగ్గిస్తే శిక్షణ రెండు మూడు వారాలు పెరుగుతుందేమో, అది ఒక్కసారి పెట్టే ఖర్చు. నా చేతుల్లో ఉంటే ముందు చదువు షరతే తీస్తాను. కాలరు కుట్టడానికి పదో తరగతి మార్కుల జాబితా ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఈ లెక్కలో ఒక లొసుగుంది. బస్సు అందని ఊళ్లలోనే చదువు కూడా తక్కువ ఉంటుంది. అంటే రెండు జల్లెడలూ కొంతమేర అవే ఊళ్లవాళ్లను తీసేస్తున్నాయి. మండలం మొత్తానికి ఒకే శాతం వేయకుండా ఊరివారీగా వేస్తే ఇది చాలావరకు పోతుంది.

8 శాతం ఎక్కడిది?

ఏ పట్టికలోనూ లేదు. ఊళ్లకు పోయి తెచ్చుకోవాలి. పది ఊళ్లు, ఊరికి ఇరవై ఇళ్లు చాలు. ‘కంపెనీలో పనికి వస్తారా’ అని మాత్రం అడక్కండి. మర్యాదకైనా అందరూ వస్తామంటారు. పొద్దున ఆరున్నరకు బస్సెక్కగలరా, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇంట్లో ఎవర్ని అడగాలి, నిరుడు ఏ నెలల్లో కూలికి పోయారు అని అడగండి.

నాలుగో ప్రశ్న నాకు దెబ్బ తగిలాక నేర్చుకున్నది. అప్పట్లో నేను పనిచేసిన కంపెనీకి కాగితం మీద లెక్కంతా బాగా కట్టి, అక్టోబరు చివర్లో నియామక శిబిరం పెట్టించాను. షామియానా, రెండొందల కుర్చీలు, మంచినీళ్ల క్యాన్లు. వచ్చింది ముప్ఫై మంది లోపే. మర్నాడు పక్క ఊరికి పోయి ఒకామెను అడిగాను.

“నిన్న ఎందుకు రాలేదమ్మా?”

“శెనక్కాయ చెట్లు పీకేది ఉంది గదా సార్. ఇప్పుడెట్ల వస్తాం?”

“అది అయిపోయాక?”

“సంక్రాంతి దాటినాక ఖాళీనే. బస్సు ఊళ్లోకి వస్తాదా, రోడ్డు కాడికి నడిచి పోవల్లనా?”

ఆ రెండు వాక్యాలు నా షీట్‌లో రెండు కొత్త నిలువు వరుసలయ్యాయి. ఒకటి నెల, రెండోది బస్టాపు దాకా నడక.

నెల సంగతి ఊరికి పోకుండా కూడా కొంత పట్టుకోవచ్చు. ఉపాధి హామీ పనిదినాలు పంచాయతీవారీగా, నెలవారీగా ఆన్‌లైన్‌లో ఉంటాయి. పనిదినాలు బాగా పెరిగిన నెలల్లో చేతులు ఖాళీగా ఉన్నట్టు, పడిపోయిన నెలల్లో పొలం పిలుస్తున్నట్టు చదువుకోవచ్చు. వానలకు పనులు ఆగినా అంకె పడిపోతుంది కాబట్టి ఒక్క ఏడాది చూసి తేల్చకండి, మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. ఆ కూలి కూడా మీకు పోటీయే. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు, అదీ ఊళ్లోనే, బస్సెక్కకుండా.

కాబట్టి మన 300 ఒకే దఫాలో వద్దు. సంక్రాంతి అయ్యాక 120, మార్చిలో 100. మిగిలిన 80 మంది కోసం ఇంటర్ ఫలితాలు వచ్చి, పైచదువుకు పోనివాళ్లెవరో తేలాక మేలో చూద్దాం. అక్టోబరు, నవంబరుల్లో మనుషుల్ని అడగనే అడగం. ఆ రెండు నెలలూ మానేసేవాళ్లు కూడా ఎక్కువుంటారు కాబట్టి ఓటీ (అదనపు గంటల పని) బడ్జెట్ అటు మళ్లించాలి.

ఈ వారం పని

మీ గీత లోపలి ఊళ్లన్నీ ఒక షీట్‌లో పెట్టి, ఒక్కోదానికి ఆరేళ్లలోపు ఆడపిల్లలు, మగపిల్లలు, మార్జినల్ వర్కర్లు, బస్టాపు దూరం నింపండి. జల్లెడ ఊరివారీగా పట్టండి. పైనుంచి కిందికి పేర్చాక మొదటి పది ఊళ్లలో కనీసం రెండింటికి మీరే వెళ్లి రండి, కాంట్రాక్టరును పంపొద్దు. తిరిగొచ్చాక మీ 8 శాతం ఎంతకు మారిందో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది. సరిహద్దుకు అటొకటి ఇటొకటిగా ఉన్న కనీస వేతనాలు, మనవైపు ఏప్రిల్‌లో, అక్టోబరులో మారే డీఏ (కరువు భత్యం), పక్క యూనిట్ జీతం ఎంతో అడక్కుండా తెలుసుకోవడం అందులో చూద్దాం.