ఎన్నికల డబ్బు లెక్క తేలకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: విశాఖ గాజువాక సభలో కోట్లు, కాగితం మీద లక్షలు

రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు, మనిషికో బిర్యానీ పొట్లం, జనాన్ని దించే ఆటోల బారు. అభ్యర్థి చూపిన ఖర్చు మాత్రం 40 లక్షల లోపే.

కారణం: అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అన్న పరిమితి అభ్యర్థికే. పార్టీకి పరిమితే లేదు. స్టార్ ప్రచారకుల (పార్టీ ఎన్నికల సంఘానికి ముందే పేర్లిచ్చిన పెద్ద నేతల) ప్రయాణాలూ అభ్యర్థి ఖాతాలో పడవు. కానీ ఆ ప్రచారకుల సభలో అభ్యర్థి వేదిక ఎక్కితే ఖర్చులో వాటా అతని లెక్కలోకి రావాలి. ఎక్కాడా లేదా అన్నది గమనించండి, అసలు కిటుకంతా అక్కడే.

పరిష్కారం: వేదిక, కుర్చీల వరుసలు, బండ్ల నంబర్లు ఫొటో తీసి, ప్రచారం నడుస్తుండగానే, ఖర్చులు చూడటానికి ఎన్నికల సంఘం పంపే వ్యయ పరిశీలకుడికి ఇవ్వండి. అధికారులు తమ అంచనాను షాడో రిజిస్టర్‌లో విడిగా రాసుకుంటారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్క కలెక్టర్ ఆఫీసుకు చేరాలి. దాన్ని ఎవరైనా చూడొచ్చు, రుసుము 1 రూపాయి. బీచ్ రోడ్డులో ఆ రూపాయికి టీ కూడా రాదు! కుర్చీకి, టెంటుకు, టీకి అధికారులు ప్రకటించిన ధరల పట్టిక పక్కన పెట్టుకుని సరిచూడండి. ఒక్క చిక్కుంది. గెలుపును సవాలు చేస్తూ హైకోర్టులో వేసే ఎన్నికల పిటిషన్‌కు గడువు ఫలితం నుంచి 45 రోజులు. లెక్క చివరి రోజున అందితే మీకు మిగిలేది రెండు వారాలే. ఫొటోలు ముందే పోగేసుకోండి.

సమస్య: పార్టీకి డబ్బిచ్చింది ఎవరో తెలియదు

కారణం: 20,000 రూపాయలు దాటని విరాళానికి దాత పేరు చెప్పక్కర్లేదు. 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్లు (బ్యాంకులో కొని పార్టీకిచ్చే పత్రాలు) పెద్ద దాతల్నీ దాచేశాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. కంపెనీల విరాళాలకు ఉన్న, లాభాల్లో 7.5 శాతం దాటకూడదన్న పరిమితిని 2017లో ఎత్తేయడమూ చెల్లదంది.

పరిష్కారం: 2019 ఏప్రిల్ 12 నుంచి బాండ్లు ఎవరు కొన్నారో, ఏ పార్టీ తీసుకుందో ఎన్నికల సంఘం సైట్‌లో ఉంది. బాండ్ నంబర్లతో రెండు జాబితాలూ జతపరచొచ్చు. మన ఊళ్లో పనులు చేస్తున్న కంపెనీ పేరు వెతికి, బాండ్ తేదీ పక్కన టెండర్ తేదీ రాసుకోండి. దగ్గరగా ఉంటే లంచమని తేలిపోదు గానీ, ఆర్టీఐ వేయడానికి అది చాలు.

సమస్య: పోలింగ్ ముందు రాత్రి గుమ్మంలో కవరు

పరిష్కారం: ఫిర్యాదులకు ఎన్నికల సంఘం పెట్టిన సీవిజిల్ యాప్. పేరు చెప్పక్కర్లేదు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లెక్క. ఫొటో యాప్‌లోనే తీయాలి. వాట్సాప్‌లో పక్కింటావిడ పంపింది అందులో ఎక్కదు.