రెండు శాతం వడ్డీ అని మురిసిపోకండి: పెద్ద అప్పుకి సంతకం పెట్టేముందు

మన ఊళ్ళలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి నూటికి రెండు. ఏడాది మొత్తానికి రెండు రూపాయలే, పైగా ఆరేళ్ళ దాకా అసలు మొత్తం కట్టక్కర్లేదు అని ఎవరైనా వస్తే? కాగితం చదవకుండానే పెన్ను తీస్తాం. 2014 అక్టోబర్‌లో యూరప్‌లోని మాంటెనెగ్రో ప్రభుత్వానికి అలాంటి అప్పే దొరికింది. చైనా ఎగ్జిమ్ బ్యాంకు నుంచి 94.4 కోట్ల డాలర్లు, 20 ఏళ్ళ గడువు, అందులో ఆరేళ్ళు మారటోరియం (అసలు మొత్తం కట్టక్కర్లేని కాలం), వడ్డీ 2 శాతం. ఆడ్రియాటిక్ తీరంలోని బార్ రేవు నుంచి సెర్బియా సరిహద్దులోని బోల్యారె దాకా వేయాలనుకున్న హైవేలో మొదటి 41 కిలోమీటర్ల కోసం తీసుకున్నారు.

ఆ దేశం ఎంతటిదో తెలిస్తే ఈ అప్పు ఎంతటిదో తెలుస్తుంది. 2006లో సెర్బియా నుంచి విడిపోయింది. జనం 6.2 లక్షలు, విజయవాడలో ఉన్నంతమంది కూడా లేరు. 2014లో జీడీపీ దాదాపు 350 కోట్ల యూరోలు. ఈ 41 కిలోమీటర్లకి కుదిరిన ధర దాదాపు 81 కోట్ల యూరోలు. అంతా కొండలు, సొరంగాలు, వంతెనలు కాబట్టి కిలోమీటరుకి 2 కోట్ల యూరోలు పడింది.

ఇప్పుడు అదే దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరే వరుసలో ముందు నిలబడి, అదే హైవే రెండో ముక్కకి మళ్ళీ అప్పు చేస్తోంది. ఆ ఫైలు మీ టేబుల్ మీదకి వచ్చిందనుకోండి. చూసుకోవాల్సినవి ఇవి.

రాబడి ఏ కరెన్సీలో, కిస్తీ ఏ కరెన్సీలో

వడ్డీ రేటు కన్నా ముందు చూడాల్సింది ఇదే. మాంటెనెగ్రోకి సొంత కరెన్సీ లేదు. యూరోజోన్‌లో సభ్యత్వం లేకుండానే 2002 నుంచి యూరో వాడుతోంది. నోట్లు అచ్చువేసుకునే వీలు లేదు. పన్నులు వచ్చేది యూరోల్లో, టూరిస్టులు ఖర్చుపెట్టేది యూరోల్లో, రేపు టోల్ వచ్చేదీ యూరోల్లోనే. అప్పు మాత్రం డాలర్లలో తీసుకున్నారు.

కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేయండి. 81 కోట్లలో 85 శాతం అప్పు, అంటే 68.8 కోట్ల యూరోలు. యూరోకి 1.37 డాలర్ల చొప్పున మారిస్తే 94.4 కోట్ల డాలర్లు. సంతకాలై ఐదు నెలలు తిరక్కుండానే, 2015 మార్చిలో, యూరో 1.05 డాలర్ల దగ్గరికి పడిపోయింది. ఇప్పుడు 94.4ని 1.05తో భాగించండి. 89.9 వస్తుంది. అప్పటికి పని మొదలే కాలేదు, కాగితం మీద బాకీ మాత్రం 21 కోట్ల యూరోలు పెరిగింది. వడ్డీ రెండు శాతమేగా అన్నవాళ్ళు ఈ 21 కోట్లని ఏ పద్దులో రాస్తారు?

మన ఇళ్ళలో ఇది తెలియని సంగతేం కాదు. డాలర్లలో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని అమెరికా వెళ్ళి, అక్కడ ఉద్యోగం దొరక్క హైదరాబాద్ తిరిగొచ్చి, రూపాయి జీతంలోంచి డాలర్ కిస్తీ కట్టే పిల్లల్ని అడగండి. ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం కంటే ముందు డాలర్ రేటు చూస్తారు. అమరావతికి 2024 డిసెంబర్‌లో ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) మంజూరు చేసిన అప్పు కూడా జపాన్ యెన్‌లలో ఉంది. మొత్తం ఎంత అనే అందరూ మాట్లాడుకున్నారు, యెన్ సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

ఇంకో తమాషా. మాంటెనెగ్రో డాలర్ అప్పు మీద సంతకం పెట్టిన మరుసటి నెలలోనే, దగ్గర్లోని హంగరీ తన జనం నెత్తి మీద ఉన్న స్విస్ ఫ్రాంక్ ఇంటి అప్పులన్నిటినీ సొంత కరెన్సీ ఫోరింట్‌లోకి మార్చే చట్టం చేసింది. 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంకు యూరోతో ఫ్రాంక్ రేటు మీద తను పెట్టిన హద్దుని ఉన్నట్టుండి ఎత్తేసింది, దాని రేటు ఒక్కసారి ఎగబాకింది. పోలండ్‌లో ఫ్రాంకుల్లో ఇళ్ళ లోన్లు తీసుకున్నవాళ్ళు లబోదిబోమన్నారు. హంగరీ వాళ్ళు రెండు నెలల తేడాతో బయటపడ్డారు.

కాబట్టి అప్పు రాబడి వచ్చే కరెన్సీలోనే ఇమ్మని అడగండి. ఇవ్వనంటే హెడ్జింగ్ ఒప్పందం (మారకం రేటు ముందే ఖాయం చేసుకునేది) సంతకం రోజునే సిద్ధంగా ఉండాలి, దాని ఖర్చు కూడా కలిపి వడ్డీ ఎంత పడుతుందో చూడాలి. మాంటెనెగ్రో ఈ పని చేసింది, కాకపోతే 2021 జులైలో. పాశ్చాత్య బ్యాంకులతో ఒప్పందం చేసుకుని డాలర్ బాకీని యూరోల్లోకి తిప్పుకుంది, దాంతో వడ్డీ కూడా 0.88 శాతానికి దిగింది. మరుసటి ఏడాది యూరో ఒక డాలర్ స్థాయికి పడినప్పుడు ఆ ఒప్పందమే కాపాడింది. అయితే మార్చుకున్న నెలలో యూరో 1.18 దగ్గర ఉంది. 1.37కీ 1.18కీ మధ్య పోయింది పోయినట్టే.

మారటోరియం ఎప్పుడు అయిపోతుంది

మారటోరియం గడియారం రోడ్డు కోసం ఆగదు. పని నాలుగేళ్ళలో, 2019కి పూర్తవ్వాలి. రోడ్డు తెరిచింది 2022 జులైలో. మొదటి కిస్తీ కట్టాల్సింది 2021 జులైలో. ఒక్క కారు కూడా ఎక్కని రోడ్డుకి ఏడాది ముందే కట్టడం మొదలైంది.

అదీ ఏ ఏడాది తర్వాత? దేశం ఆదాయంలో పావు వంతు టూరిజం మీద నడుస్తుంది. 2020లో కోవిడ్‌తో బీచ్‌లన్నీ ఖాళీ అయ్యి ఆర్థిక వ్యవస్థ దాదాపు 15 శాతం కుంగింది, ప్రభుత్వ అప్పు జీడీపీలో 100 శాతం దాటింది. 2021 వసంతంలో ఉప ప్రధాని ద్రితాన్ అబజోవిచ్ యూరోపియన్ పార్లమెంటు కమిటీ ముందు ఈ అప్పు విషయంలో సాయం చేయమని అడిగారు. వేరేవాళ్ళ దగ్గర చేసిన అప్పులు మేం తీర్చం అని బ్రసెల్స్ నుంచి జవాబు వచ్చింది. కాబట్టి పని ఆలస్యమైతే, అదే ఏడాది రాబడి కూడా పడిపోతే ఎలా కడతాం అన్న పేజీ ఫైల్లో ఉందో లేదో చూడండి. లేకపోతే ఫైలు వెనక్కి పంపండి.

టోల్‌తో తీరుతుందని ఎవరైనా అంటే వాళ్ళ ముందే లెక్క వేయండి. కారుకి 3.50 యూరోలు. రోజుకి 6 వేల కార్లు తిరిగాయనుకుందాం, ఏడాదికి దాదాపు 77 లక్షల యూరోలు. అసలు పద్దు కిందే ఏడాదికి కట్టాల్సింది 6.7 కోట్ల డాలర్లు. లారీలకి టోల్ ఎక్కువ ఉంటుంది, ఒప్పుకుంటా, అయినా ఈ రెండు అంకెలూ ఒకదాని దరిదాపుల్లోకి ఒకటి రావు. మిగతాది పన్నుల్లోంచే రావాలి. 2018 జనవరిలో అక్కడ వ్యాట్ 19 నుంచి 21 శాతానికి వెళ్ళింది.

చిన్న అక్షరాలు

ఇక్కడ ఎక్కువ చెప్పను, చదివేటప్పుడు వేలు పెట్టి ఆపాల్సిన చోట్లు చెప్తా. వివాదం వస్తే విచారణ ఎక్కడ? ఈ ఒప్పందంలో బీజింగ్. కట్టలేకపోతే దేశం ఆస్తుల మీదకి రాకుండా ఉన్న రక్షణ వదులుకుంటున్నామా? ఇందులో వదులుకున్నారు. చైనా కాంట్రాక్టర్‌కి పన్ను మినహాయింపులు ఎన్ని? కస్టమ్స్, వ్యాట్ రెండూ మాఫీ. స్థానిక కంపెనీలకి పనిలో 30 శాతం వాటా రాశారు, అది కాస్త మేలు. యునెస్కో రక్షణలో ఉన్న తారా నది ఒడ్డున మట్టి, రాళ్ళు పోసి నదిని పాడుచేశారన్న గొడవ పని మొదలయ్యాక లేచింది, అప్పటికి ఆపేవాళ్ళు లేరు.

పద్ధతిగా ఇచ్చేవాళ్ళ దగ్గర కూడా

చైనా అప్పు కాదు కదా, వరల్డ్ బ్యాంకే కదా అని నిశ్చింతగా ఉండొద్దు. వరల్డ్ బ్యాంకు ముందు దేశం పరిస్థితి మీద ఒక అధ్యయనం చేస్తుంది, తర్వాత నాలుగైదేళ్ళకి ఒక స్ట్రాటజీ రాస్తుంది. అందులో కనిపించే అంకెలు మన ఖజానాలో పడ్డ డబ్బులు కావు. ఆ అప్పులో మంచి ఏంటంటే, కరెన్సీ ఎంచుకునే వీలుంటుంది. చూసుకోవాల్సింది, తీసుకోని డబ్బుకి కూడా చార్జీ ఉండొచ్చు, అది ఎప్పటి నుంచి మొదలవుతుందో ఒప్పందంలో చూడండి. ముందుగా 0.25 శాతం ఫీజు, మొదటి రోజు నుంచే వాడకుండా మిగిలిన మొత్తం మీద ఏడాదికి 0.25 శాతం పడిందనుకుందాం. 10 కోట్ల యూరోలు మంజూరు చేయించుకుని భూసేకరణ గొడవలతో రెండేళ్ళు ఊరికే కూర్చుంటే, రూపాయి పని జరక్కుండా దాదాపు 7.5 లక్షల యూరోలు పోతాయి. భూమి చేతికి రాకముందు అప్పుకి తొందరపడకండి.

యూరోపియన్ యూనియన్ మాంటెనెగ్రోతో సహా పశ్చిమ బాల్కన్ దేశాలన్నిటికీ కలిపి 2024–27కి పెట్టిన 600 కోట్ల యూరోల ప్యాకేజీలో 400 కోట్లు అప్పే, గ్రాంటు 200 కోట్లు. అది కూడా చెప్పిన సంస్కరణలు చేసి చూపిస్తేనే విడుదలవుతుంది. చేతికి రాకముందే బడ్జెట్‌లో రాబడి కింద రాసేసుకుంటే మధ్యలో జీతాలకి టెన్షన్ తప్పదు.

ఇక మీ టేబుల్ మీద ఉన్న ఫైలు, మతేషెవో నుంచి ఆంద్రియెవిత్సా దాకా దాదాపు 22 కిలోమీటర్లు. ఈసారి లండన్‌లోని ఈబీఆర్‌డీ (యూరోపియన్ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు) 20 కోట్ల యూరోల అప్పు ఇస్తోంది, యూరోపియన్ యూనియన్ గ్రాంటు కూడా ఉంది, పని బహిరంగ టెండర్‌లో ఇచ్చారు. టెండర్ గెలిచింది మళ్ళీ చైనా కంపెనీల కూటమే. అందులో తప్పేం లేదు. అప్పు యూరోల్లో ఉంది. ఇక చూడాల్సింది పని పూర్తయ్యే తేదీ, మారటోరియం ముగిసే తేదీ. పని పూర్తయ్యాక మారటోరియం ముగిసేదాకా కనీసం రెండేళ్ళు ఉన్నాయేమో చూసి, అప్పుడు పెన్ను తీయండి.