పిల్లలు కొరికితే – మూడో పాఠం: పన్ను దిగే ముందు, దిగాక

పోయిన పాఠంలో పిల్లవాడు ఎప్పుడు, ఎవరిని, ఏం జరుగుతుండగా కొరికాడో నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. రాసినవాళ్ళు అది పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి.

విజయవాడ సత్యనారాయణపురంలో నేను పిల్లల్ని చూసుకునే చోట ఒక రెండేళ్ళ బాబు ఉండేవాడు. నాలుగు రోజుల్లో నాలుగుసార్లు కొరికాడు. నాలుగుసార్లూ పన్నెండు దాటాకే, అన్నాల ముందు, చేతులు కడుక్కోవడానికి అందరూ కుళాయి దగ్గర గుమిగూడినప్పుడే. ఆకలి, తోపులాట, పైగా మే నెల ఉక్కపోత. "జరుగు" అనడం వాడికింకా రాదు. అయిదో రోజు పక్కనే కూర్చుని చూశాను. ముందు పిడికిళ్ళు బిగించాడు, తర్వాత కింది దవడ ముందుకొచ్చింది. వాడి గడ్డానికీ పక్క పాప భుజానికీ మధ్య నా అరచెయ్యి అడ్డుపెట్టి, "జరుగు అను నాన్నా" అన్నాను. "జలుగు" అన్నాడు. ఆ పాప జరిగింది కూడా! మర్నాటి నుంచి అన్నం పావుగంట ముందే పెట్టి, కుళాయి దగ్గరికి ఇద్దరిద్దరినే పంపాం.

ప్రతిసారీ అలా అందుకోలేం. కొరికేశాడనుకోండి, ముందు ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకోండి. కోపం కొరికినవాడి మీదికే పోతుంది, నాకూ పోతుంది. కానీ అందరూ వాడి చుట్టూ చేరితే, కొరికితే ఇంతమంది నన్నే చూస్తారని వాడికి అర్థమవుతుంది. తర్వాత వాడి ఎదురుగా కూర్చుని, అరవకుండా, "కొరక్కూడదు. పాపకు నొప్పి" అనండి. అంతకు మించి వాడి బుర్రకెక్కదు.

చర్మం తెగితే కుళాయి ధార కింద సబ్బుతో బాగా కడిగి, ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. పసుపు, కాఫీపొడి అద్దకండి.

"నువ్వూ ఒకసారి కొరుకు, తెలిసొస్తుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. దయచేసి ఆ పని చేయకండి. అమ్మే కొరికితే, కోపమొచ్చినప్పుడు చేసే పని ఇదేనని వాడికి మనమే నేర్పినట్టు. నోట్లో కారం పెట్టడమూ అంతే.

ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలు కొరకడం మామూలే, టెన్షన్ పడొద్దు. పళ్ళొచ్చే దురదైతే శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో చల్లబరిచి నమలనివ్వండి. మూడేళ్ళు దాటాకా తరచూ కొరుకుతుంటే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి.

ఈ వారం పని: కొరికే ముందు మీవాడిలో కనిపించే గుర్తు ఒక్కటి పట్టుకుని రాయండి. పిడికిలో, దవడో, సణుగుడో. వచ్చే పాఠంలో ఆ గుర్తు కనబడగానే ఏ మాట అందించాలో చూద్దాం.