ప్లేటింగ్ షాపు వ్యర్థజలాల శుద్ధి: క్రోమ్ నీటిని ముందుగా వేరుచేయండి

విశాఖపట్నం ఆటోనగర్‌లో ప్లేటింగ్ షాపు (లోహపు వస్తువులకు క్రోమియం, నికెల్, జింకు పూతలు వేసే చోటు) పెట్టేవారు గచ్చు వేయించేటప్పుడే ఆమ్లపు నీటికి, క్రోమ్ నీటికి (క్రోమియం కలిసిన వ్యర్థజలానికి), సైనైడ్ వాడితే దానికి విడివిడిగా కాలువలు కట్టించుకోవాలి. సైనైడ్ నీటిలో ఆమ్లం కలిస్తే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సైనైడ్ వాయువు పుడుతుంది గనుక ఇక్కడ ఖర్చుకు వెనకాడకూడదు. సైనైడ్ నీటిని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 10కి పైన ఉంచి, బ్లీచింగ్ ద్రావణమైన హైపోక్లోరైట్‌తో విడిగానే శుద్ధి చేయాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ అడిగేది క్రోమ్ నీరు. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం; పైగా ఎంత సున్నం పోసినా అది అడుగుకు దిగదు. కాబట్టి దాన్ని అడుగుకు దిగే మూడు వేలెన్సీ క్రోమియంగా మార్చడానికి ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2.5 దగ్గరకు తెచ్చి, కిలో క్రోమియానికి సుమారు 3 కిలోల లెక్కన సోడియం మెటాబైసల్ఫైట్‌ను కలియబెడుతూ కొద్దికొద్దిగా వేయాలి. ఘాటైన గంధకపు వాయువు లేస్తుంది గనుక గాలి బాగా ఆడేచోట, మాస్కు పెట్టుకొనే ఈ పని చేయాలి. పసుపు నీరు క్రమంగా ఆకుపచ్చకు తిరుగుతుంది. రంగు మారినంత మాత్రాన పని పూర్తయిందనుకోకుండా, నమూనాలో డైఫినైల్ కార్బజైడ్ చుక్కలు వేసి (ఆరు వేలెన్సీ క్రోమియం మిగిలి ఉంటే ఊదారంగు వస్తుంది) ఊదారంగు రాలేదని నిర్ధారించుకున్న తరువాతే ఆ నీటిని మిగతా ఆమ్లపు నీటితో కలపాలి.

ఆపైన సున్నపుతేటతో గానీ కాస్టిక్ సోడాతో గానీ పీహెచ్ పెంచాలి. క్రోమియం 8 దగ్గర, జింకు 9 దాటాక, నికెల్ 10 దాటాక నీటి నుంచి మడ్డిగా బాగా విడిపోతాయి. జింకు, క్రోమియం మరీ ఎక్కువ క్షారంలో తిరిగి కరుగుతాయి. అందుకే ప్రతి బ్యాచ్‌కూ ముందు అర లీటరు నీటిని గాజుబీకరులో పట్టి, వేర్వేరు పీహెచ్‌ల వద్ద పరీక్షించడం మంచిది. సరైన మోతాదు పడి, సన్నని రేణువులను ముద్దకట్టించే పాలీఎలక్ట్రోలైట్ కాస్త చేరగానే పొగమంచులా ఉన్న నీటిలో తునకలు అల్లుకుని, గాజు అడుగున మడ్డి పేరుకుని, పైన తేట నిలుస్తుంది. ఆ తేటను వడగట్టి, పీహెచ్‌ను 6 నుంచి 9 మధ్యకు తెచ్చి, ప్రయోగశాలలో పరీక్ష చేయించాకే బయటికి వదలాలి. ఆరు వేలెన్సీ క్రోమియానికి పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాములు.

మడ్డిలోని నీటిని పిండి తీసే ఫిల్టర్ ప్రెస్‌లో మిగిలిన మడ్డి ప్రమాదకర వ్యర్థం. మన తీరంలో తుఫాను వానలు ఎప్పుడు ముంచెత్తుతాయో తెలియదు కనుక దాన్ని పైకప్పు కింద, గట్టు కట్టిన గచ్చు మీదే నిల్వచేసి, 90 రోజుల్లోగా అనుమతి పొందిన శుద్ధి కేంద్రానికి మేనిఫెస్టుతో (వ్యర్థం రవాణా వివరాల పత్రంతో) పంపాలి.