అఫెక్ట్, ఎఫెక్ట్: ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడం ఎలా?

సైడ్ ఎఫెక్ట్స్ అని రాయాల్సిన చోట ‘ఏ’ అక్షరంతో మొదలుపెట్టి సైడ్ అఫెక్ట్స్ అని మెయిల్ కొట్టి, పంపాక చూసుకుని నాలుక కరుచుకున్నవాణ్ణి నేను. స్పెల్‌చెక్ చాలాసార్లు పట్టుకోదు, రెండూ సరైన పదాలే కదా. మొదటి అచ్చును నొక్కి పలకరు కాబట్టి చెవికీ తేడా తెలీదు. పైగా రెండూ లాటిన్‌లో ‘చేయడం’ అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి.

1. ముందు పదాన్ని వాక్యంలో పెట్టండి. విడివిడిగా అర్థాలు చదివితే రెండూ ‘ప్రభావం’ చుట్టూనే తిరుగుతాయి. ‘స్ట్రెస్ అఫెక్ట్స్ స్లీప్’ అన్నా, ‘స్ట్రెస్ హాజ్ ఎన్ ఎఫెక్ట్ ఆన్ స్లీప్’ అన్నా చెప్పేది ఒకటే, టెన్షన్ ఉంటే నిద్ర దెబ్బతింటుందని. కానీ మొదటి వాక్యంలో జరిగే పనిని చెప్పేది ఆ పదమే, కాబట్టి అది క్రియ. రెండోదాంట్లో క్రియ ‘హాజ్’, ఎఫెక్ట్ అక్కడ నామవాచకం.

2. అనుమానం తీరకపోతే ముందు ‘ద’ గానీ ‘ఎన్’ గానీ పెట్టి చూడండి. ఇమిడితే నామవాచకం, అంటే దాదాపు ఎప్పుడూ ఎఫెక్టే. నిన్న జరిగినట్టు మార్చితే చివర ‘ఎడ్’ చేరుతోందా? అయితే క్రియ, అంటే చాలావరకు అఫెక్టే.

3. నాకు బాగా పనికొచ్చింది మాత్రం తెలుగు చిట్కా. పక్కన ‘పడింది’ చేర్చండి. ‘దాని ఎఫెక్ట్ పడింది’ అంటాం, ‘అఫెక్ట్ పడింది’ అనం. ‘చేసింది’ని మాత్రం నమ్మొద్దు, ఫోన్ చేసింది, హెల్ప్ చేసింది అంటూ మనం దాన్ని దేనికైనా తగిలించేస్తాం.

4. ఇప్పుడు డిక్షనరీ తెరవండి. పదం పక్కన నౌన్, వెర్బ్ రెండూ కనిపిస్తే అక్కడ కాస్త ఆగాలి, అసలు తిరకాసు అక్కడే. ‘టు ఎఫెక్ట్ ఎ చేంజ్’లో ఎఫెక్ట్ క్రియే, మార్పు తీసుకురావడం అని అర్థం. అదే చోట అఫెక్ట్ రాస్తే, ఆ మార్పు మీద ప్రభావం చూపడం అయిపోతుంది. ఒక్క అక్షరంతో విషయమే వేరు! ఇక సైకాలజీలో అఫెక్ట్ నామవాచకం కూడా, మనిషి పైకి కనబరిచే భావోద్వేగమన్నమాట, అప్పుడు మొదటి అక్షరాన్ని నొక్కి ‘యాఫెక్ట్’ అంటారు. ఇది మనకు అరుదుగా తగులుతుంది.

‘పర్సనల్ ఎఫెక్ట్స్’ అని ఏ ఫారంలోనైనా కనిపిస్తే ప్రభావాల గురించి బుర్ర బద్దలు కొట్టుకోకండి, అడిగేది మీ సొంత సామాను గురించి.