చెక్క గిన్నె అంచుకు కలంకారీ నలుపు: ఎలా వేయాలి?

తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు వస్తుంది. ఆ మండలంలోని మాధవమాల కొయ్యబొమ్మలకు పేరు పడ్డ ఊరు. ఇంకాస్త ముందుకు వెళితే కలంకారీకి పేరుపడ్డ శ్రీకాళహస్తి. ఉలి పని ఒక ఊరిది, కలం పని ఒక ఊరిది. చెక్క గిన్నె అంచు మీద ఈ రెండింటినీ కలపవచ్చు. కొట్లో దొరికే పెయింటు చెక్క పైన పొరలా నిలిచి, చేతులు తగిలేకొద్దీ పెచ్చులూడుతుంది. కలంకారీ నలుపు అయితే నారలోకి ఇంకుతుంది. అందుకే నా ఓటు దానికే.

గిన్నె ఎంపిక

లేత్ మిషను మీద తిప్పిన మామిడి చెక్క గిన్నె తీసుకోండి. చిత్తూరు ప్రాంతంలో మామిడికి కొదవ లేదు, లేత రంగు చెక్క మీద నలుపు చక్కగా కనిపిస్తుంది. చెక్క బాగా ఆరి ఉండాలి, పురుగు రంధ్రాలు ఉండకూడదు. అంచు పైభాగం కనీసం 8 మిల్లీమీటర్ల వెడల్పున చదునుగా ఉంటే పని సులువు. ఎర్రచందనం అందంగానే ఉంటుంది కానీ దాని మీద అటవీ చట్టాల నిఘా ఉంది. సరైన కాగితాలు లేని ముక్కను ముట్టుకోవద్దు.

రంగు ముందే ఊరబెట్టాలి

ఒక మట్టికుండలో లీటరు నీళ్లు, 100 గ్రాముల బెల్లం, గుప్పెడు తుప్పు పట్టిన మేకులు వేసి, గుడ్డ కట్టి నీడలో ఉంచండి. పులిసేటప్పుడు గాలి బయటికి పోవాలి కాబట్టి బిర్రుగా మూత పెట్టకూడదు. రెండు మూడు వారాలకు రంగు సిద్ధమవుతుంది. వడకట్టి సీసాలో పోసుకోండి. కలంకారీ కళాకారులు కసిం అనేది దీన్నే.

ఈ నీళ్లు ఒంటరిగా నలుపునివ్వవు. ఇనుము, కరక్కాయలోని వగరు కలిసినప్పుడే నలుపు పుడుతుంది. తుమ్మ చెక్కలో ఆ వగరు సహజంగానే ఎక్కువ. మామిడిలో తక్కువ కాబట్టి మనమే అందించాలి. గింజ తీసేసిన కరక్కాయ పెచ్చు పొడి రెండు చెంచాలు టీ గ్లాసు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. బట్ట మీద అయితే రంగు పాకకుండా కరక్కాయతో పాటు పాలు కూడా పట్టిస్తారు. చెక్క మీద ఆ పని కత్తి గాటు చేస్తుంది.

అంచును భాగాలు చేయడం

స్కేలుతో కొలిస్తే ఎక్కడో ఒకచోట తేడా వచ్చి తీరుతుంది. దానికన్నా సన్నని కాగితం పట్టీని అంచు చుట్టూ తిప్పి, కొసలు కలిసే చోట కత్తిరించండి. దాన్ని సగానికి, మళ్లీ సగానికి, అలా నాలుగుసార్లు మడిస్తే 16 సమాన భాగాలొస్తాయి. 15 సెంటీమీటర్ల వ్యాసమున్న గిన్నె చుట్టుకొలత సుమారు 47 సెంటీమీటర్లు. అంటే ఒక్కో భాగం మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మడతల దగ్గర పెన్సిల్ గుర్తులు పెట్టి, భాగానికొక కోటకొమ్మో మామిడి పిందో గీయండి. ఏదైనా ఒక్కటే నమూనా చాలు. సన్నని అంచు మీద లతలు, నెమళ్లు, చుక్కలు అన్నీ ఎక్కిస్తే గిన్నె ఆకారమే కనిపించకుండా పోతుంది.

గాటు, కలం

అసలు పనితనమంతా ఇక్కడే. అంచు గుండ్రంగా తిరుగుతుంది, చెక్క నార మాత్రం ఒకే దిక్కున సాగుతుంది. కాబట్టి అంచు మీద రెండు చోట్ల గీత నార వెంట నడుస్తుంది, వాటి మధ్య రెండు చోట్ల నారను అడ్డంగా కోస్తుంది. ఆ అడ్డంగా కోసే చోటే రంగు నార వెంట పాకి, గీతకు మీసాలు మొలుస్తాయి. ప్రతి గీతకూ రెండు వైపులా పదునైన కత్తిమొనతో అర మిల్లీమీటరు లోతు గాటు పెట్టండి. నార తెగిన చోట రంగు ఆగుతుంది. నారకు ఎదురుగా వెళ్లినప్పుడు పెచ్చు లేస్తున్నట్టు అనిపిస్తే కత్తిని ఆపి అవతలి వైపు నుంచి రండి.

గాట్ల మధ్య సన్నని కుంచెతో కరక్కాయ నీళ్లు రాసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత వెదురు కలంతో రంగు పెట్టండి. గీసిన వెంటనే వెలవెలబోయినట్టు ఉంటే కంగారు పడి మళ్లీ మళ్లీ పూయవద్దు. చూస్తుండగానే నల్లబడుతుంది. కాసేపు ఆగి, చాలకపోతేనే రెండో పూత. ఇదంతా ముందుగా గిన్నె అడుగున, లేదా అదే చెక్క ముక్క మీద చేసి చూసుకోవడం తప్పనిసరి.

నూనె పట్టించడం

ఒకరోజు ఆరాక 320 నంబరు ఉప్పు కాగితంతో అంచును తేలికగా రుద్దండి. వంటకు వాడే అవిసె నూనెను పలుచగా పూసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విప్పి బయట ఆరేయండి. రెండు మూడు పూతలయ్యాక, నూనె గట్టిపడటానికి కొన్ని వారాలు గిన్నెను పక్కన పెట్టండి.

ఈ గిన్నెలో పుట్నాలు, వేరుశెనగలు, ఆకువక్క వంటి పొడి వస్తువులే వేయండి. నిమ్మరసం, చింతపండు, పెరుగు తగిలితే నలుపు వెలిసిపోతుంది. నీళ్లలో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి, అంచు పొడిబారినప్పుడు మళ్లీ కాస్త నూనె రాయండి.